కుట్టులో వదిలిన గుడ్డ

"పన్నుకి ప్రాణం ఉంటుందా?" అని మా అమ్మ ఫోన్లో అడిగిన రాత్రి నాకు తెలుగు రాదని తెలిసింది.

రాదంటే మాట్లాడటం రాక కాదు. నరసరావుపేటలో పుట్టి పెరిగినవాణ్ణి, మాటలకేం కొదవ లేదు. కానీ ఎల్కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఇంటర్లో మార్కులొస్తాయని సంస్కృతం తీసుకున్నా. దాంతో సైన్స్ మొత్తం నా బుర్రలో ఇంగ్లీషులోనే ఉండిపోయింది. అమ్మ చదివింది ఎనిమిదో తరగతి. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు, లంగాలు కుడుతుంది. ఆ రోజు నా పంటికి జరిగిన వైద్యం ఆమెకి చెప్పబోతే ఒక్క వాక్యం కూడా చివరిదాకా వెళ్ళలేదు. ఆ సగం వాక్యాలు పూర్తి చేద్దామనే ఇది రాస్తున్నా. క్లబ్‌లో సీనియర్ అన్న "నీకు బాగా తెలిసిన దాని గురించి రాయి" అన్నాడు. నాకు బాగా తెలిసినవి రెండే: సీ లాంగ్వేజ్‌లో పాయింటర్లు, నా కుడివైపు కింది దవడపన్ను. పాయింటర్ల మీద రాస్తే మీరెవరూ చదవరు.

సెకండియర్ మొదలైన కొత్తల్లో మెస్‌లో కూలర్ నీళ్ళు తాగితే ఆ పన్ను జివ్వుమనేది. రెండు మూడు సెకన్లు, అంతే. తర్వాత ఏమీ ఉండేది కాదు. ప్రోగ్రామ్ కంపైల్ చేస్తే వార్నింగ్ వస్తుంది చూడండి, ఎర్రర్ కాదు కదా, రన్ అవుతోంది కదా అని వదిలేస్తాం. నేనూ అదే చేశా. ఎడమవైపు నమలడం అలవాటు చేసుకున్నా. రెండు నెలలు గడిచాయి. ఆగస్టులో ఒకరోజు మైసూర్‌పాక్ ముక్క అందులో ఇరుక్కుంటే నాలికతో తడిమి చూశా. గుంట. నాలిక కొస దూరేంత గుంట. రూమ్మేట్ బండి మీద ఎక్కించుకుని డెంటిస్ట్ దగ్గరికి లాక్కెళ్ళాడు.

డాక్టర్ మేడం ఎక్స్‌రే తీసి, పంటి మీద చల్లటి దూది పెట్టి, తీసేసి, "ఇంకా నొప్పి ఉందా, పోయిందా?" అని అడిగారు. పోయిందన్నా. "రాత్రుళ్ళు నొప్పికి మెలకువ వస్తోందా?" లేదన్నా. "అయితే లోపలి గుజ్జు ఇంకా బతికే ఉన్నట్టుంది. రూట్ కెనాల్‌కి వెళ్ళేముందు ఒక ప్రయత్నం చేద్దాం" అన్నారు. మత్తు ఇచ్చి, ఉమ్ము తగలకుండా పంటి చుట్టూ రబ్బరు షీటు బిగించి, పుచ్చు తీయడం మొదలుపెట్టారు. చివర్లో అద్దం పట్టి చూపించారు. గుంట అడుగున గుండుసూది తలకంటే చిన్న ఎర్ర చుక్క. నా పంటి లోపల రక్తం! దాన్ని నేను అప్పటిదాకా ఒక తెల్ల రాయి అనే అనుకుంటున్నా.

మందు దూదితో అద్ది రక్తం ఆపారు. పొడి ఒకటి నీళ్ళతో కలిపితే తడి ఇసుకలా అయింది. దాన్ని ఆ చుక్క మీద పెట్టి, పైన ఫిల్లింగ్‌తో మూసేశారు. "ఇది నీ పన్నుని బాగుచేయదు బాబూ. తలుపు మూస్తుంది, అంతే. లోపల గోడ మాత్రం నీ పన్నే కట్టుకోవాలి. ఆరు నెలల తర్వాత చూద్దాం" అన్నారు.

పన్ను గోడ కట్టుకోవడమేంటి? హాస్టల్‌కి రాగానే ల్యాప్‌టాప్ తీశా. డేటా స్ట్రక్చర్స్ రికార్డు రాయాల్సిన రాత్రి అది.

తెలిసింది ఇది. పంటికి పైన ఉండే ఎనామిల్ మన ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. దాన్ని కట్టిన కణాలు పన్ను చిగురు దాటి బయటికొచ్చేసరికే పోతాయి. అందుకే ఎనామిల్ ఒకసారి విరిగితే మళ్ళీ మొలవదు. దాని కింద ఉండేది డెంటిన్. అందులో ఖనిజం 70 శాతం దాకా ఉంటుంది, మిగతాది కొలాజెన్ లాంటి ప్రోటీన్లు, నీళ్ళు. మధ్యలో గుజ్జు, అంటే డాక్టర్లు పల్ప్ అనేది. రక్తనాళాలు, నరాలు అందులోనే ఉంటాయి. గుజ్జుకీ డెంటిన్‌కీ సరిహద్దులో ఓడోంటోబ్లాస్ట్‌లనే కణాలు వరసగా నిలబడి ఉంటాయి. డెంటిన్ తయారు చేసేది అవే. పన్ను తయారయ్యేటప్పుడు రోజుకి సుమారు 4 మైక్రాన్ల మందాన డెంటిన్ వేస్తాయి. ఒక వెంట్రుక మందం కట్టాలంటే రెండు వారాలు పైనే. పన్ను పూర్తయ్యాక కూడా పని మానవు. ఇంకా నెమ్మదిగా, మనం బతికున్నంతకాలం వేస్తూనే ఉంటాయి.

అసలు విషయం ఇక్కడుంది. డెంటిన్ వేసేటప్పుడు ఆ కణాలు అందులో గ్రోత్ ఫ్యాక్టర్లని కూడా కలిపి పాతిపెడతాయి. ఇవి కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే ప్రోటీన్లు. కణం లోపలికి వెళ్ళవు. బయటున్న రిసెప్టర్‌కి తగులుకుంటాయి, అంతే. కాలింగ్ బెల్ నొక్కినట్టు. లోపల ఒకరి నుంచి ఒకరికి కబురు వెళ్ళి, కణం మధ్యలో ఉన్న కేంద్రకం దాకా చేరి, ఏ జీన్ పని మొదలెట్టాలో అది మొదలవుతుంది. పంటి గోడలో దొరికే వాటిలో ముఖ్యమైంది టీజీఎఫ్ బీటా-1. వాపుని అదుపులో పెట్టడం, కణాల్ని పిలవడం, డెంటిన్ వేయించడం, మూడింట్లోనూ దాని చెయ్యి ఉంది. బీఎంపీలు లేత కణాలకి డెంటిన్ పని నేర్పిస్తాయి. ఎఫ్‌జీఎఫ్-2 కణాల సంఖ్య పెంచుతుంది. వీఈజీఎఫ్ కొత్త రక్తనాళాలు మొలిపిస్తుంది.

ఇవన్నీ ఏళ్ళ తరబడి ఖనిజంలో గడ్డకట్టి, కదలకుండా పడుంటాయి. మనం తిన్న చక్కెరని బ్యాక్టీరియా ఆసిడ్ చేస్తుంది. ఆ ఆసిడ్‌కి ఖనిజం కరుగుతుంది. కరిగినచోట పాతిపెట్టిన కబుర్లు బయటపడి గుజ్జులోకి దిగుతాయి. అంటే గోడ కూలడమే గోడ కట్టమన్న ఆర్డర్.

ఇది చదివి నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. వెంటనే అమ్మకి ఫోన్ చేశా. టైమ్ పదకొండు. మిషన్ చప్పుడు వినిపిస్తోంది. శ్రావణమాసం గిరాకీ.

"అమ్మా, పన్ను తనంతట తనే బాగుచేసుకుంటుందంట."

"పన్నుకి ప్రాణం ఉంటుందా ఏందిరా?"

"ఉంటుందమ్మా. లోపల సెల్స్... అంటే కణాలు. వాటికి పెరుగుదల కారకాలు అని ఉంటాయి..."

సిగ్నల్ సరిగా లేదు. అమ్మ కాసేపాగి, "పెరుగు తినమన్నారా? తిను నాన్నా, చలవ" అంది.

నవ్వాపుకుని మళ్ళీ మొదలెట్టా. ఈసారి పేర్లు వదిలేసి పని మాత్రమే చెప్పా. పన్ను కట్టేటప్పుడే మరమ్మతుకి కావలసింది కూడా గోడలో దాచిపెడతారమ్మా, గోడకి దెబ్బ తగిలినప్పుడు అది బయటికొస్తుంది అన్నా. మిషన్ ఆగింది.

"ఓహో. జాకెట్టు కుట్టేప్పుడు కుట్టు లోపల గుడ్డ వదుల్తాం చూడు, అట్టాగా? రేపు ఒళ్ళొస్తే కుట్టు ఇప్పి వదులు చేసుకునేదానికి?"

అట్టాగే! ఇంగ్లీషులో అన్ని పేజీలు చదివినా నాకు దొరకని మాట అది. బయటికి కనపడదు. కుట్టు విప్పితేనే తెలుస్తుంది. విప్పేవాళ్ళు తెలిసి విప్పాలి.

అక్కణ్ణించి మిగతాది చెప్పడం సులువైంది. పుచ్చు మెల్లగా, పైపైన ఉంటే పాత ఓడోంటోబ్లాస్ట్‌లే బతికుండి లోపలివైపు ఇంకో పొర వేస్తాయి. అంటే షాపులో పెద్ద టైలరే కూర్చుని కుట్టినట్టు. నాకు జరిగినట్టు గుజ్జు దాకా చిల్లు పడితే, అక్కడున్న ఓడోంటోబ్లాస్ట్‌లు చచ్చిపోతాయి. అప్పుడు గుజ్జులో ఉండే మూలకణాలు ఆ కబురందుకుని అక్కడికొచ్చి పని నేర్చుకుని కూర్చుంటాయి. కాజాలు, హుక్కులు కుట్టే పిల్లకి కత్తెర చేతికిచ్చినట్టు. ఆ కుట్టు అంత నీటుగా రాదు, అచ్చం పాత డెంటిన్‌లా ఉండదు. కానీ చిల్లు మూస్తుంది.

అమ్మ "బానే ఉంది" అని, కాసేపాగి, "నాక్కూడా ఎడమపక్క దవడపన్ను రాత్రుళ్ళు సలుపుతోందిరా. నిద్ర పట్టట్లా" అంది.

"లవంగం పెట్టుకో అమ్మా. దసరా సెలవులకి వచ్చాక చూద్దాం" అన్నా.

ఆ తర్వాత మూడు నెలలు నాకు ఇదే పిచ్చి. చదివేకొద్దీ కథలు దొరికాయి. స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్త ఎలుకల లాలాజల గ్రంథి రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి ఎక్కిస్తే, వాటి కళ్ళు కొన్ని రోజుల ముందే తెరుచుకున్నాయి, పళ్ళూ ముందే వచ్చాయి. ఆ రసంలో ఉన్న ప్రోటీన్‌ని వేరుచేసి 1962లో ప్రచురించాడు. ఈజీఎఫ్ అంటే అదే. 1986లో ఆయనకీ రీటా లెవీ మోంటాల్చినీకీ కలిపి నోబెల్ ఇచ్చారు. అంటే గ్రోత్ ఫ్యాక్టర్ల కథ మొదట్లోనే పళ్ళున్నాయి. 1965లో మార్షల్ యూరిస్ట్ అనే ఎముకల డాక్టర్ ఖనిజం కరిగించేసిన ఎముకని కండలో పెడితే, ఆ కండలో కొత్త ఎముక పుట్టింది. ఖనిజం పోయాక మిగిలిన దాంట్లో ఏదో కబురుందన్నమాట. దానికే తర్వాత బీఎంపీ అని పేరు పెట్టారు. 1993లో కోతుల పళ్ళలో గుజ్జు మీద బీఎంపీ-7 పెట్టి కొత్త డెంటిన్ పుట్టించారు. 2017లో లండన్ కింగ్స్ కాలేజీ వాళ్ళు ఎలుకల పళ్ళలో చిల్లు పెట్టి, టైడిగ్లూసిబ్ అనే మందులో తడిపిన చిన్న కొలాజెన్ స్పాంజి పెట్టారు. అది గ్రోత్ ఫ్యాక్టర్ కాదు, అల్జీమర్స్ కోసం పరీక్షించిన మందు. కణం లోపల కబురు తొందరగా చల్లారిపోకుండా చూస్తుంది. స్పాంజి కరిగిపోతూ ఉంటే ఆ జాగాలో డెంటిన్ నిండింది.

నా పంట్లో పెట్టిన తడి ఇసుక సంగతి కూడా తెలిసింది. ఎంటీఏ అంటారు. 1990ల్లో కాలిఫోర్నియాలోని లోమా లిండా యూనివర్సిటీలో తయారు చేశారు. మూలం ఏంటంటే పోర్ట్‌లాండ్ సిమెంటు! ఎక్స్‌రేలో కనపడటానికి బిస్మత్ ఆక్సైడ్ కలుపుతారు. అంతకుముందు ఎన్నో దశాబ్దాలు వాడింది కాల్షియం హైడ్రాక్సైడ్. అంటే తడిసున్నం, మన తాంబూలంలో రాసేదే. సున్నం పెడితే గుజ్జు మీద గోడ ఎందుకు లేస్తుందో చాలాకాలం సరిగ్గా తెలియలేదు. డెంటిన్‌లో గడ్డకట్టిన ప్రోటీన్లని అది మెల్లగా కరిగించి వదులుతుందని తర్వాత తేలింది. ఎంటీఏ చేసేదీ చాలావరకు ఇదే. పైగా తడిలో గట్టిపడి చిల్లుని బాగా మూసేస్తుంది. (ఇది చదివి ఎవరూ కిళ్ళీ కొట్టు సున్నం పంట్లో పెట్టుకోవద్దు. నోరు కాలుద్ది. రూమ్మేట్ నిజంగానే అడిగాడు.)

మూయడం ఎంత ముఖ్యమో చెప్పిన ప్రయోగం కూడా 1965 నాటిదే. అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు రెండు రకాల ఎలుకల పళ్ళకి గుజ్జు దాకా చిల్లులు పెట్టి, ఏ మందూ వేయకుండా అలాగే వదిలేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు కుళ్ళిపోయింది. పుట్టినప్పటినుంచీ ఒక్క సూక్ష్మజీవి కూడా తగలకుండా పెంచిన ఎలుకల్లో, తిండి ఇరుక్కుపోయినా సరే, కొన్ని వారాల్లో చిల్లు మీద డెంటిన్ వంతెన కట్టుకుంది. చిల్లు ఒకటే. తేడా సూక్ష్మజీవులు మాత్రమే.

నవంబర్‌లో మిడ్స్ జరుగుతున్నాయి. అప్పుడే ఇంకో పేపర్ చదివా. 1993లో కోతుల్లో పనిచేసిన బీఎంపీ-7 నే, ముంగిసలా ఉండే ఫెర్రెట్ల పళ్ళలో పెట్టారు. ఈసారి గుజ్జు ముందే వాచి ఉంది. ఫలితం 2000లో వచ్చింది. కొత్త డెంటిన్ రాలేదు. అదే ప్రోటీన్, అదే కబురు. వాపు ముదిరిన చోట కబురు చేరేలోపే అది విరిగిపోవచ్చు, చేరినా వినే కణాలు మిగిలి ఉండకపోవచ్చు. అందుకే మేడం నన్ను ఆ రెండు ప్రశ్నలు అడిగారు. చల్లటిది తీసేయగానే నొప్పి పోతోందా? రాత్రుళ్ళు మెలకువ వస్తోందా? మొదటి దానికి అవునంటే పన్ను చాలాసార్లు ఇంకా వింటూ ఉంటుంది. రెండోదానికి అవునంటే...

అక్కడ ఆగిపోయా. రాత్రుళ్ళు సలుపుతోందిరా.

దసరాకి నేను ఇంటికి వెళ్ళలేదు. హ్యాకథాన్ ఉందని ఉండిపోయా. ఆ రాత్రే ఫోన్ చేస్తే, "అదా? పీకించేశాలే. పోయినవారమే. నీకు పరీక్షలని చెప్పలా" అంది. లోపల చచ్చిపోయింది, రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే ఎనిమిది వేలు అన్నారట. అదే నెల నా హాస్టల్ ఫీజు కట్టాలి. "పీకుడికి ఐదొందలే అయిందిరా" అని ఏదో బేరం గెలిచినట్టు చెప్పింది.

ఏమనాలో తెలియలేదు. ఆ ఆగస్టు రాత్రే వెళ్ళుంటే ఆమె పన్ను దక్కేదని నేను చెప్పలేను. అప్పటికే ఆలస్యమై ఉండొచ్చు. కానీ గంటసేపు నా పన్ను గురించి ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి, ఆమె పన్ను గురించి రెండు ప్రశ్నలు అడగలేకపోయా. ప్రశ్నలు నాకు తెలుసు. ఆ సాయంత్రమే నన్ను అడిగారు అవి.

సంక్రాంతికి ఇంటికెళ్ళా. అమ్మ భోగి రోజు కూడా కుడుతూనే ఉంది. ఎదురుగా కూర్చుంటే ఒకటి కనిపించింది. కుట్టు అయిపోగానే దారాన్ని ముందు పళ్ళతో పుటుక్కున కొరుకుతుంది. పక్కనే కత్తెర ఉన్నా సరే. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. ఈసారి నోరు తెరవమన్నా. పైన ముందు పన్ను అంచున చిన్న గాడి, దారం పట్టేంత. "నొప్పి లేదా?" అంటే "ఇరవయ్యేళ్ళ నుంచి ఉంది, ఏనాడూ లేదు" అంది. ఫోటో తీసుకున్నా.

ఫిబ్రవరిలో చెకప్‌కి వెళ్ళా. మేడం నా పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి, పెన్ను మొనతో చూపించారు. సిమెంటు కింద సన్నటి తెల్లగీత. ఆగస్టులో అది లేదు. "ఇదే నువ్వు కట్టుకున్న గోడ. గుజ్జు బతికే ఉంది. ఇంకా ఏడాదికోసారి చూపిస్తూ ఉండాలి" అన్నారు. అప్పుడు అమ్మ పంటి ఫోటో చూపించి అడిగా, అంత అరిగినా నొప్పి ఎందుకు లేదని. ఆవిడ నవ్వి, టైలరా అన్నారు. రోజుకి కొంచెం కొంచెంగా అరిగితే పంటికి టైమ్ దొరుకుతుందట. బయట అరిగేకొద్దీ ఓడోంటోబ్లాస్ట్‌లు లోపల పొర వేసుకుంటూ, గుజ్జు వెనక్కి జరుగుతూ పోతుందట. గాడి లోతయ్యే వేగం, గోడ లేచే వేగం సమానంగా ఉన్నంతకాలం నొప్పి తెలియదు. అమ్మ ముందు పంటికి ఇరవయ్యేళ్ళు దొరికాయి. దవడపంటికి దొరకలేదు.

హాస్టల్‌కి వచ్చి ఎక్స్‌రే అమ్మకి వాట్సాప్‌లో పంపా, తెల్లగీత చుట్టూ ఎర్రగా గుండ్రం గీసి. కాసేపటికి ఫోన్ చేసింది.

"ఏం కనపడలా నాన్నా, అంతా బూడిదగా ఉంది. తిన్నావా?"

"తిన్నా. అమ్మా, మిగతా పళ్ళలో ఏదైనా చల్లనీళ్ళకి జివ్వుమంటోందా?"

"కుడిపక్క ఒకటి కొంచెం అంటదిలే. వెంటనే పోద్ది."

"వెంటనే అంటే ఎన్ని సెకన్లు?"

"అది కూడా లెక్కపెడతారంటరా?"

"రాత్రుళ్ళు లేపుతోందా?"

"లేదులే."

"ఇప్పుడు ఫ్రిజ్‌లో నీళ్ళు తాగు. నేను లైన్లో ఉంటా."

సణుక్కుంటూనే లేచింది. కుర్చీ జరిగిన చప్పుడు, ఫ్రిజ్ తలుపు, బాటిల్ మూత. ఒక గుటక. "స్స్" అంది. నేను పైకే లెక్కపెట్టా. ఒకటి, రెండు, మూడు...

"పోయింది" అంది అమ్మ.

శుక్రవారం రాత్రి బస్సుకి టికెట్ తీసుకున్నా.